నోట్సులో ఉంది, నోట్లో లేదు: ఒక పదో తరగతి కేసు

ముందే చెప్తున్నా, ఇది ఫ్లెక్సీ కట్టించుకునే కేసు కాదు. ఎస్‌ఏ-1లో, అంటే బడిలో పబ్లిక్‌కి ముందు పెట్టే మొదటి సమ్మేటివ్ పరీక్షలో, 600కి 261 వచ్చిన అమ్మాయి పబ్లిక్‌లో 418 తెచ్చుకుంది, అంతే. మా వైపు 550 దాటితేనే చుట్టాలకు ఫోన్లు చేస్తారు కాబట్టి ఈ 418 గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. నేను రాయడానికి కారణం వేరే. ఇలాంటి పిల్లలు నా దగ్గరికి ప్రతి ఏడూ ఇద్దరు ముగ్గురు వస్తారు, పద్నాలుగేళ్లుగా వాళ్ల తల్లిదండ్రులకు నేను చెబుతూ వచ్చిన మాట ఒకటే: "కష్టపడుతుంది గానీ గ్రహింపు తక్కువమ్మా." ఆ మాట ఎంత తప్పో ఈ ఒక్క కేసు చూపించింది. పైగా మొదటి ఐదు వారాలు తప్పు మీద తప్పు చేసింది నేనే, అవి కూడా దాచకుండా రాస్తాను.

నేపథ్యం

ఒంగోలు నుంచి పొదిలి పోయే దారి, చీమకుర్తి గ్రానైట్ లారీలు రాత్రీ పగలూ తిరిగే రోడ్డు. ఆ పక్కన ఒక ఊళ్లో మేడ మీద గదిలో సాయంత్రం ట్యూషన్ చెబుతాను. వచ్చేవాళ్లు ఎక్కువ మంది ప్రభుత్వ హైస్కూలు పిల్లలే. అమ్మాయికి ఇక్కడ సుజాత అని పేరు పెడుతున్నా, అసలు పేరు కాదు, ఇంట్లోవాళ్ల వివరాలు కూడా కొన్ని మార్చాను. నాన్న క్వారీ పనికి పోతాడు, అమ్మ పొగాకు సీజన్‌లో గ్రేడింగ్‌కి, మిగతా రోజుల్లో ఏ పని దొరికితే దానికి. సుజాత బడి ఎగ్గొట్టే పిల్ల కాదు, ముందు బెంచీ, అడిగితే తప్ప మాట్లాడదు.

నవంబరులో ఎస్‌ఏ-1 మార్కులు వచ్చాక వాళ్లమ్మ తీసుకొచ్చింది. తెలుగు 58, హిందీ 41, ఇంగ్లీషు 39, లెక్కలు 27, సైన్సు రెండు పేపర్లూ కలిపి 49, సోషల్ 47. లెక్కల్లో పాస్ మార్కు 35 కాబట్టి ఆవిడ భయమంతా దాని మీదే. కానీ ఆ మార్కుల లిస్టు చూస్తే నాకు లెక్కలకంటే సోషల్‌లో 47 వింతగా అనిపించింది. రోజూ చదివే పిల్లకి సోషల్‌లో అంత తక్కువ ఎలా వస్తాయి?

"రాత్రి పదకొండు దాకా రాస్తానే ఉంటది సార్. లైటు ఆర్పమన్నా ఆర్పదు. ఇంత రాసేదానికి మార్కులు ఎట్టా రావు సార్? ఆడ ఎవరికన్నా ఈ పిల్లంటే పడదేమో" అంది వాళ్లమ్మ. నేను వెంటనే ఫోను గురించి అడిగాను. అందరినీ అడుగుతాను, అలవాటు. ఆవిడ ముఖం మాడిపోయింది. "ఫోను నా బొడ్లోనే ఉంటది సార్, అది ముట్టుకోదు" అంది. ఆ పిల్లని అప్పటికి రెండు నిమిషాలు కూడా చూడకుండా అడిగిన ప్రశ్న అది. ఇప్పుడు మొదటి రోజు ఫోను మాట ఎత్తడం మానేశాను.

పదకొండు పుస్తకాలు

మర్నాడు నోట్సులన్నీ తెమ్మన్నాను. బియ్యం సంచిలో వేసుకొచ్చింది. పదకొండు లాంగ్ నోట్‌బుక్కులు, అన్నిటికీ బ్రౌన్ అట్టలు, లేబుళ్లు. లోపల తెరిస్తే పెళ్లి శుభలేఖలా ఉంది. హెడ్డింగులు స్కెచ్ పెన్నుతో, సబ్ హెడ్డింగులు ఆకుపచ్చలో, పాయింట్లు నీలంలో, ముఖ్యమైన మాటల కింద ఎర్రగీత, అది కూడా స్కేలుతో. ఇంత శుభ్రంగా రాసే పిల్ల ట్యూషన్‌లో ఇంకొకరు లేరు. నిజం చెప్పాలంటే, మిగతా పిల్లలకు చూపించి "చూడండ్రా, రాస్తే ఇలా రాయాలి" అనబోయాను కూడా.

పుస్తకం మూసి, "రక్త ప్రసరణ గురించి నీకు తెలిసింది చెప్పమ్మా" అన్నాను. చాలాసేపు పైకప్పు వైపు చూసింది. తర్వాత అన్న మాట నేను మర్చిపోలేను: "ఎడమ పేజీలో సార్, కింద. గ్రీన్ పెన్నుతో రాశా." పేజీ గుర్తుంది, మూల గుర్తుంది, రంగు గుర్తుంది. రాసిన విషయం గుర్తులేదు.

ఆ పేజీ తీసి చదివాను. "ధమనులు గుండె నుంచి రక్తాన్ని శరీర భాగాల నుంచి రక్తాన్ని గుండెకు తెస్తాయి" అని ఉంది. కింద ఎర్రగీత, పక్కన నక్షత్రం గుర్తు. రెండుసార్లు చదివితే గానీ ఏం జరిగిందో నాకు అర్థం కాలేదు. అసలు ఉండాల్సినవి రెండు వాక్యాలు. ధమనులు గుండె నుంచి రక్తాన్ని శరీర భాగాలకు తీసుకెళ్తాయి, సిరలు శరీర భాగాల నుంచి రక్తాన్ని గుండెకు తెస్తాయి. మొదటి "శరీర భాగాల" దగ్గర పెన్ను పెట్టి తలెత్తింది, మళ్లీ చూసేసరికి కన్ను రెండో "శరీర భాగాల" మీద పడింది, మధ్యలో ఉన్న మాటలూ సిరలూ మాయమయ్యాయి. ఇది ఎవరికైనా జరుగుతుంది. కానీ ఆ వాక్యానికి అర్థం లేదని రాసేటప్పుడు తెలియలేదు, ఎర్రగీత కొట్టేటప్పుడు తెలియలేదు, పరీక్ష ముందు మూడుసార్లు చదివిందట, అప్పుడూ తెలియలేదు. స్కూల్లో ఆ పేజీ మీద టిక్కు, సంతకం కూడా ఉన్నాయి.

నా నిర్ధారణ అక్కడ మారింది. గ్రహింపు తక్కువ కాదు, అసలు గ్రహించే పని మొదలే కాలేదు. కంటి నుంచి చేతికి నేరుగా పోతోంది, మధ్యలో తల దగ్గర ఆగడం లేదు. వాళ్లమ్మ చెప్పిన పదకొండు గంటల దాకా రాయడం అబద్ధం కాదు, అంతసేపూ జరిగింది రాత పని మాత్రమే.

ఇంకొకటి కూడా గమనించాను. అన్ని సబ్జెక్టుల నోట్సూ ఒకే అచ్చులో ఉన్నాయి. హెడ్డింగు, సబ్ హెడ్డింగు, పాయింట్లు. సోషల్‌కి అదే, బయాలజీకి అదే, చివరికి లెక్కలకీ అదే. లెక్కల నోట్సులో "వర్గ సమీకరణాలు: ముఖ్యాంశాలు" అని ఎనిమిది పాయింట్లు, ఆ తర్వాత గైడులో చేసి ఉన్న లెక్కలు వరసగా ఎక్కించింది. సొంతంగా చేసిన లెక్క ఒక్కటీ లేదు, ఒక్క కొట్టివేత కూడా లేదు. కొట్టివేత లేని లెక్కల పుస్తకం చూస్తే నాకిప్పుడు భయం వేస్తుంది.

చేసి చూసినవి, పోయినవి

మొదట కార్నెల్ పద్ధతి పెట్టాను. అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీలో వాల్టర్ పాక్ అనే ఆయన 1950ల్లో రూపొందించింది. పేజీలో ఎడమవైపు సన్నగా ఒక గడి, కుడివైపు వెడల్పు గడి, కింద నాలుగు వరసల చోటు. కుడివైపు నోట్సు, ఎడమవైపు దానికి సంబంధించిన ప్రశ్నలు, కింద సొంత మాటల్లో సారాంశం. తర్వాత కుడివైపు చేత్తో మూసి ఎడమవైపు ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాలి. నేను ఇది ఎంచుకున్నది ఎందుకంటే, పిల్లకి రాయడం ఇష్టం, ఆ ఇష్టాన్ని చెడగొట్టకుండా అందులోనే ప్రశ్నలు దూర్చొచ్చు అనుకున్నా. కాగితం మీద చాలా మంచి ఆలోచన.

రెండు వారాల తర్వాత చూస్తే పేజీలన్నీ స్కేలుతో గడులు గీసి, గడికో రంగు వేసి సిద్ధంగా ఉన్నాయి. ఎడమవైపు ప్రశ్నలు పాఠం చివర ఉన్న అభ్యాసం నుంచి ఎక్కించింది, కింద సారాంశం గైడు నుంచి ఎక్కించింది. చేత్తో మూసి చెప్పుకోవడం ఒక్కసారీ చేయలేదు. "మూస్తే ఇంకు అంటుకుంటదని సార్" అంది. పద్ధతిలో తప్పు లేదు. ఆ పద్ధతికి ప్రాణం మూసి చెప్పుకోవడంలో ఉంది, నేను మాత్రం గీతలు ఎలా గీయాలో నేర్పి ఊరుకున్నాను. కొత్త గడులిస్తే ఆ పిల్ల వాటిలో కూడా ఎక్కించుకుంటూ పోతుందని నాకు తట్టలేదు.

చిరాకేసి, రెండోసారి ఏకంగా నోట్సు మానేయమన్నాను. "వారం పాటు పెన్ను ముట్టుకోవద్దు, చదువు అంతే." ఈ నిర్ణయం కోపంతో తీసుకున్నది, అందుకే దాని వెనక ఆలోచన ఏమీ లేదు. మూడో రోజుకి పిల్ల ఏడుపు మొహంతో వచ్చింది. చదవడానికి కూర్చుంటే నిద్ర వస్తోందట, రాయకపోతే ఏదో తప్పు చేస్తున్నట్టు టెన్షన్‌గా ఉందట. స్కూల్లో నోట్సు పూర్తి కాలేదని నిలబెట్టారు కూడా. ఆ టీచరమ్మతో మాట్లాడితే, "తనిఖీకి వచ్చినవాళ్లు మొదట అడిగేది నోట్సులే సార్, అవి లేకపోతే నేను చెప్పుకోవాలి" అన్నారు. ఆవిడ ఇబ్బంది ఆవిడది. ఇంట్లో సంగతి ఇంకోలా ఉంది. చుట్టాలు వస్తే నాన్న ఆ నోట్సులు తీసి చూపిస్తాడట. ఆయన పెద్దగా చదువుకోలేదు, కూతురి చదువు ఆయన కళ్లకు కనపడేది ఆ రంగుల పేజీల్లోనే. అవి మానెయ్యమంటే ఆ ఇంట్లో ఏం తీసేస్తున్నానో నాకు తెలియలేదు.

అక్కడ ఒక రాజీకి వచ్చాం. స్కూలు నోట్సు స్కూలు కోసం. రోజుకి నలభై నిమిషాలు, ఒక్క నీలం పెన్ను, రంగులు ఆదివారం మాత్రమే. అది చదువు కింద లెక్క కాదు, ఇంటి పని లాంటిది. చదువు ఆ తర్వాత మొదలవుతుంది.

మూడోది తెల్ల కాగితం. పాఠం ఒకసారి చదివి, పుస్తకం మూసి, గుర్తున్నదంతా కాగితం మీద పెట్టాలి. ఇది నా సొంత కనిపెట్టుడేం కాదు. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థుల మీద ఇదే చేసి చూశారు. ఒక జట్టు పాఠం మళ్లీ చదివింది, ఇంకో జట్టు మళ్లీ చదవకుండా గుర్తున్నది రాసింది. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత పెడితే తిరగబడింది, మళ్లీ చదివినవాళ్లకు దాదాపు 42 శాతం గుర్తుంటే రాసినవాళ్లకు 56 శాతం గుర్తుంది. మన పిల్లలు ఎందుకు మోసపోతారో ఆ ఐదు నిమిషాల అంకెలో ఉంది. రాత్రి చదివిన వెంటనే అంతా వచ్చేసినట్టే ఉంటుంది మరి.

సుజాత కాగితాలు రాసింది. కానీ రోజూ నాకు తెచ్చి చూపించేవి తప్పుల్లేకుండా ముత్యాల్లా ఉండేవి. రెండు వారాల దాకా నేను మురిసిపోయాను. ఒకరోజు సంచిలోంచి నలిగిన కాగితం ఒకటి జారి పడితే తెలిసింది. గుర్తున్నది వంకరగా రాయడం, పుస్తకం చూసి దిద్దడం, ఆ దిద్దింది అసహ్యంగా ఉందని ఇంకో కాగితం మీద అందంగా ఎక్కించడం. మొదటి పని పది నిమిషాలు, మూడో పని గంట. మళ్లీ మొదటికే వచ్చాం.

పలక

దారి దొరికింది అనుకోకుండానే. డిసెంబరు ఆఖర్లో ఒక సాయంత్రం కరెంటు పోయి పిల్లలు అల్లరి చేస్తుంటే, ఊరికే ఉండనీయకుండా ఒక్కొక్కరినీ బ్లాక్‌బోర్డు దగ్గరికి పిలిచి ఏదో ఒకటి గీయమన్నా. సుజాతకి గుండె బొమ్మ ఇచ్చాను. చార్జింగ్ లైటు వెలుగులో చకచకా గీసింది, వంకర టింకరగా. నాలుగు గదులూ పెట్టింది, కుడి కర్ణిక ఎడమ కర్ణిక తారుమారు చేసింది, అరచేత్తో తుడిచి మళ్లీ పెట్టింది. నోటితో ఏదో గొణుక్కుంటూనే ఉంది. ఈ పిల్ల నా ముందు తప్పు రాయడం, తుడవడం అదే మొదటిసారి.

ఆ రాత్రి ఆలోచిస్తే అర్థమైంది. బోర్డు మీద రాసింది ఎలాగూ పోతుంది, అందుకే అందం గురించి పట్టించుకోలేదు. కాగితం మీద రాసింది ఉండిపోతుంది, ఉండిపోయేది అందంగా ఉండాలి. ఈ పిల్లకి ఇన్నాళ్లూ గుర్తు తెచ్చుకునే అవకాశం రాకపోవడానికి కారణం బద్ధకం కాదు, భయం కూడా కాదు, కాగితం. గుర్తు తెచ్చుకోవడం అంటేనే గందరగోళం, సగం సగం మాటలు, బాణాలు, కొట్టివేతలు. ఆ గందరగోళానికి ఆమె పుస్తకాల్లో చోటు లేదు.

బోర్డు ఒక్కటే, పిల్లలు ఇరవై మంది. ఇంటికి ఏదైనా ఇవ్వాలి. అటక మీద మా చిన్నమ్మాయి అక్షరాభ్యాసానికి కొన్న మార్కాపురం పలక ఉంది, చెక్క ఫ్రేము ఉన్న రాతి పలక. పదో తరగతి పిల్లకి పలక ఇస్తే నవ్వుతారేమో అని ఒక రోజు తటపటాయించాను. ఇస్తే నవ్వింది కూడా. "తమ్ముడు ఏడిపిస్తాడు సార్" అంది, కానీ తీసుకుంది.

ఒప్పందం ఇది. పాఠంలో ఒక ముక్క చదవాలి, పుస్తకం మూసి పలక మీద బలపంతో రాయాలి, బొమ్మయితే గీయాలి. పుస్తకం తెరిచి ఏది రాలేదో చూసుకోవాలి. రానిది మాత్రమే ఒక సన్నటి వంద పేజీల పుస్తకంలో రాయాలి, పాఠానికి నాలుగు వరసలు మించకూడదు. తర్వాత పలక తుడిచెయ్యాలి, నాకు చూపించే పని లేదు. ఈ చివరి మాట కావాలనే పెట్టాను. చూపించాల్సి వస్తే మళ్లీ అందం మొదలవుతుంది. ఇంట్లో నిజంగా చేస్తోందో లేదో నాకు తెలియకపోయినా ఫర్వాలేదు, వచ్చాక నోటితో నాలుగు ప్రశ్నలు అడిగితే తేలిపోతుంది కదా.

సంక్రాంతి సెలవుల్లో వాళ్లమ్మ కూలీ డబ్బులు తెచ్చుకుని ఇటే వచ్చింది, ఫీజు ఇవ్వడానికి. పిల్ల పలక మీద ఏం చేస్తోందని అడిగింది. రానివి పక్కకు తీసి వాటినే పట్టుకుంటుందమ్మా అని చెబితే, "మేం ఆకు కుప్పలేసినట్టేగా సార్. మంచాకు పక్కన పడేస్తే మళ్లీ ముట్టుకోం, మచ్చాకు కాడే చూపు పెట్టాల" అంది. బ్యారన్‌లో కాల్చిన పొగాకును రంగు చూసి, మచ్చ చూసి వేరు చేస్తారు, తర్వాత అది బేళ్లుగా కొండపి, టంగుటూరు, పొదిలి లాంటి వేలం కేంద్రాలకు పోతుంది. ఏ గ్రేడు ఎందులో కలిసినా ధర పడిపోతుంది. ఆవిడ మాటను నేను అలాగే వాడేసుకున్నాను. పాత క్యాలెండరు కాగితాలు చీల్చి చీటీకో ప్రశ్న, మూడు స్వీటు డబ్బాలు: వచ్చు, ఊగుతోంది, రాదు. "రాదు" డబ్బా రోజూ, "ఊగుతోంది" మూడు రోజులకోసారి, "వచ్చు" వారానికోసారి. ఏ చీటీ ఏ డబ్బాలో పడాలో నేను చెప్పను, ఆమే తేల్చుకోవాలి. పిల్లలు ఇక్కడ తమను తాము మోసం చేసుకుంటారని అనుకున్నా. సుజాత ఎదురు, వచ్చినవి కూడా "రాదు"లో వేసేది. నెల పట్టింది సర్దుకోవడానికి.

సబ్జెక్టుకో నోట్సు

ఒకే అచ్చు సంగతి చెప్పాను కదా, దాన్ని పగలగొట్టడం ఇంకో పెద్ద పని.

లెక్కల్లో పాయింట్ల నోట్సు పూర్తిగా తీసేశాం. సన్న పుస్తకంలో లెక్కలకు ఉండేవి సొంత తప్పులు మాత్రమే. ఎక్స్ స్క్వేర్ మైనస్ 5 ఎక్స్ ప్లస్ 6 ఈజ్ ఈక్వల్ టు సున్నా. దీని విచక్షణి, అంటే వాస్తవ మూలాలు ఉన్నాయో లేవో తేల్చే విలువ, కట్టమంటే, మైనస్ 5 వర్గం దగ్గర మైనస్ 25 అని వేసింది, అందులోంచి 24 తీసింది, మైనస్ 49 వచ్చింది, వాస్తవ మూలాలు లేవని రాసేసింది. మూలాలు 2, 3 అని నోటితో చెప్పగలదు, అయినా రాసింది మాత్రం లేవని. సన్న పుస్తకంలో ఆమె రాసుకున్న వరస: "మైనస్‌ని బ్రాకెట్‌లో పెట్టి వర్గం చెయ్యి. 25 రావాలి, నాకు మైనస్ 25 వచ్చింది." ఆ "నాకు" అనే మాట చూసి చాలా సంతోషమేసింది. అంతవరకూ ఆ పదకొండు పుస్తకాల్లో "నేను" ఎక్కడా లేదు.

ఫిజిక్స్‌లో దర్పణం సూత్రం, కటకం సూత్రం రెండూ గడి కట్టి పక్కపక్కనే రాసి పెట్టింది. ఒకదాంట్లో ప్లస్, ఇంకోదాంట్లో మైనస్. పక్కపక్కన అందంగా ఉండడం వల్లే అవి కలిసిపోయాయి. సూత్రం నోట్సులో రాయొద్దన్నాను, ఒక లెక్క పెట్టుకోమన్నాను. కుంభాకార కటకం, నాభ్యంతరం 10 సెంటీమీటర్లు, వస్తువు 20 సెంటీమీటర్ల దూరంలో. కిరణ చిత్రం గీస్తే వస్తువు రెండు రెట్ల నాభి దగ్గర ఉంది కాబట్టి ప్రతిబింబం కూడా అవతల 20 దగ్గరే పడాలి. సూత్రంలో గుర్తు తప్పు వేస్తే 6.67 వస్తుంది. 20 వస్తే సూత్రం సరైనది, 6.67 వస్తే దర్పణం సూత్రం వాడేశావన్నమాట. పరీక్ష హాల్లో కూడా మార్జిన్‌లో నిమిషంలో చేసి చూసుకోవచ్చు.

బయాలజీకి బొమ్మ. బొమ్మ లేకుండా మాటలు రాయకూడదని రూలు. గుండె బొమ్మలో కుడి ఎడమలు మన ఎదురుగా నిలబడ్డ మనిషివి, మనవి కావు, అది తెలిశాక కర్ణికల తారుమారు పోయింది. ధమనుల్లో మంచి రక్తం అని గైడు వాక్యం ఒకటి ఉండేది, గుండె నుంచి ఊపిరితిత్తులకు పోయే పుపుస ధమని దగ్గర అది తప్పు, అందులో పోయేది ఆక్సిజన్ తగ్గిన రక్తం. బాణాలు గీస్తే ఆ తప్పు దానంతటదే బయటపడుతుంది, వాక్యం ఎక్కిస్తే ఎన్నేళ్లయినా పడదు.

సోషల్‌లో ఒక సాయంత్రం జరిగింది చెప్పాలి. ఖనిజాల పాఠం, అభ్రకం (మైకా) దొరికే చోట్లు. కోడెర్మా, అజ్మీర్ అని పలక మీద రాసి ఆగిపోయింది. ఇంకోటి ఉంది కదమ్మా అన్నాను. నోట్సు తీస్తే నెల్లూరు అభ్రకం మేఖల అని ఆమె చేతిరాతే, కింద గీత కూడా. చూసి, "మన నెల్లూరా సార్?" అంది. వాళ్ల పెద్దమ్మ గూడూరులోనే ఉంటుంది, అభ్రకం గనులకు పేరున్న చోటు. రెండేళ్లకోసారి పోయి వచ్చే ఊరి పక్క సంగతి తన చేత్తో రాసి, అది ఈ నెల్లూరే అని తెలియలేదు! ఆ తర్వాత సోషల్‌కి నియమం పెట్టాం, ప్రతి పాఠంలో తెలిసిన చోటు ఒకటి పట్టుకుని మిగతావి దానికి తగిలించాలి. జాతీయోద్యమంలో 1921 చీరాల-పేరాల తగిలింది. పన్నులు కట్టలేమని జనం ఊరే వదిలి బయట గుడిసెలు వేసుకున్న సంగతి చెబితే కళ్లు పెద్దవి చేసుకుని విన్నది. దాని తర్వాత 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా, అక్కడ సహాయ నిరాకరణ ఎందుకు ఆగిందో, 1930 మార్చి 12న దండి యాత్ర ఎందుకు మొదలైందో. తేదీల జాబితా పోయి "అందుకని", "దాంతో" అనే మాటలు పలక మీదికి వచ్చాయి.

తెలుగులో ఛందస్సు. ఉత్పలమాలకు గణాలు భ ర న భ భ ర వ, చంపకమాలకు న జ భ జ జ జ ర అని గడగడా చెబుతుంది, గణాలు గుర్తుపెట్టుకునే యమాతారాజభానసలగం సూత్రం కూడా వచ్చు. పద్యపాదం ఇచ్చి ఏదో చెప్పమంటే దిక్కులు చూస్తుంది. పలక మీద పాదం రాసి గురులఘువులు వేస్తూ పోతే పది రోజుల్లో తనే ఒక దారి పట్టుకుంది, మొదటి మూడు అక్షరాలు చాలని. గురువు తర్వాత రెండు లఘువులైతే ఉత్పలమాల, మూడూ గురువులైతే శార్దూలం, మూడూ లఘువులైతే చంపకమాల, రెండు లఘువుల తర్వాత గురువైతే మత్తేభం. పరీక్షలో ఎక్కువగా అడిగే ఆ నాలుగు వృత్తాలకు అది సరిపోతుంది. తర్వాత మొత్తం గణాలు విడగొట్టి, యతి చూసి ఖాయం చేసుకోవాలనుకోండి. పిల్ల సొంతంగా తయారుచేసుకున్న మొదటి నోట్సు ఆ నాలుగు వరసలే.

హిందీ పాస్ మార్కు 20, అందులో ఇబ్బంది లేదు కాబట్టి దాన్ని వదిలేశాను. ఇంగ్లీషు మాత్రం నా చేతకాలేదు. పలక మీద స్పెల్లింగులు కుదిరాయి గానీ సొంతంగా నాలుగు వాక్యాలు రాయడం మార్చి దాకా రాలేదు. చదవని భాషలో గుర్తు తెచ్చుకోమంటే ఏం తెచ్చుకుంటుంది. దానికి రోజూ గట్టిగా చదివించాల్సింది, ఆ టైము నేను లెక్కలకు ఖర్చు పెట్టాను. మళ్లీ అదే పరిస్థితి వస్తే మళ్లీ లెక్కలకే ఖర్చు పెడతానేమో కూడా.

ఫలితం, దాని మీద నా అనుమానాలు

పబ్లిక్‌లో తెలుగు 82, హిందీ 60, ఇంగ్లీషు 51, లెక్కలు 66, సైన్సు 78, సోషల్ 81. ఇదంతా పలక మహిమ అని నేను అనను. నాలుగు నెలలు ఒక మనిషి పక్కన కూర్చుని రోజూ నాలుగు ప్రశ్నలు అడిగితే ఏ పిల్లకైనా కొంత పెరుగుతుంది. ఫిబ్రవరిలో ప్రీఫైనల్ తర్వాత బడిలో కూడా గట్టిగా చదివించారు. ఎస్‌ఏ-1 పేపర్లు దిద్దడంలోనూ పబ్లిక్ దిద్దడంలోనూ తేడా ఉంటుంది. ఇవన్నీ తీసేసినా నాకు గట్టిగా కనిపించేది ఒకటి. హిందీ, ఇంగ్లీషుల్లో పలక పెద్దగా వాడలేదు, వాటిలో పెరుగుదల 19, 12. వాడిన నాలుగింటిలో 24 నుంచి 39 దాకా. ఒక్క పిల్ల అంకెలతో సిద్ధాంతం కట్టకూడదని తెలుసు, అందుకే అంకెలు అంకెలుగానే ఇస్తున్నా.

నేను ఇంకా తేల్చుకోలేనిది ఆ రంగుల నోట్సు సంగతి. పూర్తిగా మాన్పించి ఉంటే ఇంకో గంట దొరికేది. కానీ మానమన్న వారంలో పిల్ల ఎలా అయిపోయిందో చూశాను. ఆదివారం రంగులు వేసుకోవడం ఆమెకు విశ్రాంతి, వాళ్ల నాన్నకు ఆనందం, దాన్ని చదువు అనుకోకపోతే నష్టం లేదు. తోటి ట్యూషన్ మాస్టారు ఒకాయన ఇది నా మెత్తదనం అంటాడు. అయ్యుండొచ్చు.

ఇప్పుడు కొత్త పిల్లలు వస్తే నోట్సు చూసే ముందే ఒక పేజీ తెరిచి, అందులో ఏదో ఒక వాక్యం వాళ్ల చేత పైకి చదివిస్తాను, "దీని అర్థం ఏంది?" అంటాను. ఈ ఏడు వచ్చిన పద్దెనిమిది మందిలో ముగ్గురి పుస్తకాల్లో తల తోక లేని వాక్యాలు దొరికాయి, మూడూ మంచి చేతిరాతవే. పలకలు ఆరు కొన్నాను. ఫ్యాన్సీ షాపులో తెల్ల బోర్డులు, మార్కర్లు తీసుకోమన్నారు గానీ మార్కరు ఎండిపోతే పిల్లలు కొత్తది కొనే దాకా పని ఆపేస్తారు, బలపం ముక్క అయితే జేబులో పడుంటుంది.

సుజాత ఒంగోలులో ఇంటర్ ఎంపీసీలో చేరింది. ఆగస్టులో సెలవుకి వచ్చినప్పుడు మేడ మెట్లెక్కి వచ్చింది, పలక మూల విరిగిందట, ఇంకోటి ఉందా అని. కాలేజీ వాళ్లు మెటీరియల్ అచ్చు వేసి ఇస్తున్నారు, ఎక్కించుకునే పనే లేదు సార్ అంది. మరి నోట్సు ఏం రాస్తున్నావమ్మా అంటే సంచిలోంచి ఒక సన్న పుస్తకం తీసి ఇచ్చింది. నీలం పెన్ను, వంకర అక్షరాలు, నాలుగు చోట్ల కొట్టివేతలు. అట్ట మీద మాత్రం పేరు స్కెచ్ పెన్నుతో, చుట్టూ తీగలు, పూలు.